ఫ్రెంచి నోటుబుక్కులో మేనత్త

లిదియా మేనత్త చంద్రవ్వకు నోట్లో మిగిలినవి రెండు పళ్లు. అవైనా ఒకదానికొకటి ఎదురుపడవు. అయినా నోటుబుక్కులో ఆమె మూడు నెలలుగా బేరిపండ్లు కొరికి తింటూనే ఉంది. తోటలో తెల్ల కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. పిల్లికి గిన్నెలో పాలు పోస్తుంది. ఆదివారం నాడు నీలం టోపీ పెట్టుకొని చర్చికి పోతుంది. ఆ టోపీ గాలికి ఎగిరి బావిలో పడిన రోజు లిదియాకు పదిహేను వాక్యాలు వచ్చాయి. పది రాస్తే చాలు.

బుధవారం పొద్దున ఎల్లారెడ్డి మిషన్ దవాఖాన వెనక, పొయ్యి మీద కట్టుగుడ్డలు ఉడుకుతుంటే, లిదియా మోకాళ్ల మీద నోటుబుక్కు పెట్టుకొని ఆ రోజు పది వాక్యాల కోసం వెతుక్కుంటోంది. ఒక చేత్తో కర్రపెట్టి గుడ్డలను తిప్పుతోంది. రెండో చేతిలో పెన్సిలు. తిప్పే చెయ్యి మాత్రం ఏమీ వెతుక్కోనక్కర లేదు. పాత చీరలు చింపి పట్టీలు చెయ్యడం, చీము పట్టినవి విడిగా నానబెట్టడం, ఉడకబెట్టడం, పిండడం, తీగ మీద ఆరేయడం, ఆరినవాటిని మోకాలి మీద బిగించి చుట్టడం. నాలుగేళ్లుగా ఇదే పని. ఉన్నది ఉన్నట్టు రాస్తే తొంభై రోజులకూ ఒకే పేజీ సరిపోయేది.

తొంభై రోజుల లెక్క పాండిచ్చేరిది. అక్కడ ఫ్రెంచి వాళ్ల ఆసుపత్రిలో రెండేళ్లు నర్సు పని నేర్పుతారు. తిండి, బట్ట వాళ్లదే. పాఠాలు ఫ్రెంచిలో. ఈ ఏడు మిషన్ పిల్లల్లో ఒకరికి చోటుంది. దానికి పోటీలో కామారెడ్డి నుంచి తార, ఎల్లారెడ్డి నుంచి లిదియా. ఇద్దరూ రోజూ తమ ఇంట్లో, తమ ఊళ్లో జరిగింది పది వాక్యాలు ఫ్రెంచిలో రాసుకోవాలి. భాష వంటబట్టడానికి ఇంతకన్న మంచి మార్గం లేదని సికింద్రాబాదులో ఉండే మదర్ నమ్మకం. తొంభై రోజులయ్యాక ఆమే వచ్చి రెండు నోటుబుక్కులు చదివి ఒకరిని ఎంచుతుంది. రేపే ఆ రావడం.

మొదటి రోజు లిదియా నిజమే రాద్దామనుకుంది. పొద్దున జొన్నగట్క తిన్నాను అని మొదలుపెడదామని సిస్టర్ మార్త్ దగ్గరికి పోయి, గట్కను ఫ్రెంచిలో ఏమంటారని అడిగింది. ఊరంతా మార్తమ్మ అని పిలిచే ఆ సిస్టర్ అప్పుడు ఒక ముసలాయన చెవిలో మందు పోస్తోంది. బయట వరండాలో ఇంకా నలభై మంది ఉన్నారు.

"గట్క లేదు మా దేశంలో. ఇప్పటికి రొట్టె అని రాయి" అంది.

లిదియా రొట్టె అని రాసింది. రొట్టె ఒంటరిగా బాగాలేదని వెన్న రాసింది. వెన్న, జామ్, కుర్చీ, తోట, అత్త, అన్నీ సిస్టర్ ఇచ్చిన బొమ్మల పుస్తకంలో బొమ్మలతో సహా ఉన్నాయి. ఆ పుస్తకంలో లేనివి లిదియా ఇంట్లో ఉన్నవే.

గుడ్డలు పొంగాయి. ఆమె రెండు కట్టెలు వెనక్కి లాగి, "ఈ రోజు మా అత్త జామ్ చేసింది" అని రాసింది.

మధ్యాహ్నం రోగులు తగ్గాక మార్తమ్మ ఎర్ర సిరా కలం తీసుకొని నోటుబుక్కు ముందేసుకుంది. అదొక్క అరగంటే ఆమె రోజంతటిలో కుర్చీకి వెన్ను ఆనించి కూర్చునేది. చెప్పులు విప్పి, వాచిన పాదాలు చల్లటి గచ్చు మీద పెట్టింది. చదువుతూ పెదాలు కదిపింది. ఒకచోట ఆగింది.

"జామ్ చేసింది బేరిపండ్లతోనా?"

"అవునమ్మా."

"ఇప్పుడు ఏప్రిల్. బేరిపండ్లు రావు. చెట్టుకు పూలు మాత్రమే ఉంటాయి. పోయిన ఏటి పండ్లు అటక మీద గడ్డిలో దాచుకుంటారు. వాటితో చేసిందని రాయి."

లిదియా అలాగే దిద్దింది. ఇలాంటి దిద్దుబాట్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. మొదట్లో సిస్టర్ మాటలు దిద్దేది. తరువాత తరువాత తోటను దిద్దసాగింది. బావి తోటకు ఎడమ పక్క ఉంటుందట. గేటు తీస్తే కీచుమంటుందట. పిల్లి బూడిద రంగుదట.

పోయిన చలికాలం లిదియా తల్లి సాలవ్వకు జ్వరం తగిలినప్పుడు మార్తమ్మ రెండుసార్లు వాళ్లింటికి వచ్చింది. ఒంగి లోపలికి వచ్చి, ఒక్క చాప పరిస్తే నిండిపోయే ఆ ఇంట్లో ఆ చాప మీదే కూర్చుంది. ఆ ఇంటికి తోట లేదని, గేటు లేదని, పిల్లి వచ్చినా దానికి పొయ్యడానికి ఏమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసీ, గేటు ఏ రంగుదో రాయలేదేమని అడుగుతుంది.

"ఆకుపచ్చ రంగు రాసుకో" అని తనే చెప్పింది కూడా.

సాయంత్రం ఇంటికి పోయేసరికి సాలవ్వ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మళ్లీ జ్వరం. తండ్రి స్వామిదాసు తాడు పేనుతూ, ఎల్లుండి గడికి ఎవరు పోవాలన్న మాట ఎత్తాడు.

పొరుగూరి దొర ఉండే కోటలాంటి గడికి ఈ వాడ నుంచి ఇంటికొకరు, పదిహేను రోజులకోసారి వెట్టికి పోవాలి. మగవాళ్లయితే మూటలు మొయ్యడం, కట్టెలు కొట్టడం. ఆడవాళ్లయితే పశువుల కొట్టం ఊడ్చి పేడ ఎత్తడం. కూలి ఉండదు, తిండి ఉండదు. పోకపోతే మాత్రం ఊరుకోరు. శుక్రవారం సాలవ్వ వంతు.

"నేను పోతనే. జొరమేముంది, గడియల వస్తది, గడియల పోతది" అంది సాలవ్వ.

"నేను పోత అవ్వా" అంది లిదియా.

"నువ్వు పేడ చేతులతోని దవాఖానకు పోయి పుండ్లకు కట్లు కడ్తవా? ఊకో."

చంద్రవ్వ మూలనుంచి అందుకుంది. "బిడ్డా, ఇయ్యాల నా గురించి ఏం రాసినవే?"

"జామ్ చేసినవత్తా."

"అదేంది?"

"పండ్లల్ల చక్కెరేసి ఉడకబెడ్తరట."

"నేనొక్కదాన్నే తిన్ననా, ఎవరికన్న పెట్టిననా?"

"అందరికీ పెట్టినవ్."

"మంచిగ రాసినవ్. లేకుంటే పిసినారి ముండ అనుకుందురు." చంద్రవ్వ సంతృప్తిగా కాళ్లు చాపుకుంది. "ఆ దేశం బాగున్నదే. నన్నాడనే ఉండని. పిలువకు."

సాలవ్వ జ్వరంలోనే నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా లిదియా ఆమె వీపు నిమిరింది. చేతికి వెన్నుపూసలు ఒక్కొక్కటే తగిలాయి.

*

మదర్ గురువారం పదకొండు గంటలకు వచ్చింది. పొడుగాటి మనిషి, పలచని పెదాలు. తెలుగు రాదు. ఎండకు మొహం కమిలినా నీళ్లు తాగకముందే నోటుబుక్కు అడిగింది. గది మధ్యలో బల్ల, బల్లకు ఆవల మదర్, పక్కన కిటికీ దగ్గర మార్తమ్మ, ఈవల లిదియా నిలబడి ఉంది. పొద్దుననగా ఉతికి కట్టిన చీర అంచు ఇంకా తడిగానే ఉంది.

మదర్ ఒక్కొక్క పేజీ చదివింది. అంత శ్రద్ధగా తన రాతను ఇంకొకరు చదవగలరని లిదియా అనుకోలేదు. టోపీ బావిలో పడ్డ పేజీ దగ్గర మదర్ పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. నవ్విందా, ఊపిరి వదిలిందా తెలియలేదు. చివరి పేజీ మూసి, అట్ట మీద అరచెయ్యి పెట్టి, లిదియాకు అర్థమయ్యేలా నెమ్మదిగా ఫ్రెంచిలో మాట్లాడింది.

"చాలా బాగా రాశావు. తార భాష నీకన్న చాలా తక్కువ. రోజుకు నాలుగు వాక్యాలే రాసింది. ఆకలిగా ఉంది, ఎండగా ఉంది, అమ్మమ్మకు నడవరాదు. అంతే."

లిదియా చీర తడి అంచు సర్దుకుంది.

"అందుకే ఆ చోటు తారకు ఇస్తున్నాను" అంది మదర్. "నువ్వు బాధపడకూడదు. ఈ చోటు ఇంట్లో ఏమీ లేని పిల్ల కోసం. నీకు మంచి ఇల్లుంది. తోట ఉంది, ఇంత ప్రేమగల అత్త ఉంది. మూడు పూటలా తింటున్నావు. దేవుడు ఇన్ని ఇచ్చిన ఇంటి నుంచి నిన్ను ఎత్తుకుపోయి ఆసుపత్రి వార్డులో పడెయ్యడం నీకు మేలు కాదు."

లిదియా మార్తమ్మ వైపు చూసింది. మార్తమ్మ కిటికీలోంచి బయటకు చూస్తోంది. బయట చూడడానికి ఉన్నవి కట్టుగుడ్డలే.

ఇది అబద్ధమమ్మా అని ఒక్క మాట అనాలి. ఆ మాట ఫ్రెంచిలో లిదియాకు వచ్చు. కాని మదర్ రాగానే, ఇంకా గుమ్మంలో ఉండగానే చెప్పిన మొదటి సంగతి కూడా ఆమెకు గుర్తుంది. అబద్ధమాడే చేతికి మందు సీసా ఇవ్వకూడదు, అలాంటి పిల్లను ఏ ఆసుపత్రి గడప తొక్కనివ్వను అని. తోట ఉందంటే చోటు లేదు. తోట లేదన్నా లేదు. తొంభై రోజులు కూర్చొని తన చుట్టూ తనే చక్కగా కంచె కట్టుకుంది. దానికి ఆకుపచ్చ గేటు కూడా.

"మెర్సీ, మదర్" అని ఫ్రెంచిలో కృతజ్ఞత చెప్పింది లిదియా.

మదర్ మెచ్చుకోలుగా తల ఆడించింది. కామారెడ్డిలో తార కాగితాలు చూసుకొని శనివారం మధ్యాహ్నం రైలుకు తిరిగి పోతుందని మార్తమ్మతో చెప్పి, అప్పుడు నీళ్లు అడిగింది. నీళ్లు తెచ్చింది లిదియానే.

*

శుక్రవారం దవాఖానలో లిదియా, మార్తమ్మ పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. కత్తెర. అయొడిన్. తర్వాతి మనిషి. మధ్యాహ్నం కాగానే లిదియా ఇంటికి వచ్చి, చిన్న కుండలో అంబలి పోసుకొని గడికి బయలుదేరింది. సాలవ్వ పొద్దున లేవలేక లేవలేక పొద్దెక్కాక పోయిందని చంద్రవ్వ చెప్పింది. "పోవద్దన్న. ఇంటదా? ఆ గుమాస్తా గంగారాం నోరు అసలే మంచిది కాదు."

రెండు మైళ్ల దూరం. ఎండకు నేల నెర్రెలు విచ్చింది. గడి వెనక పశువుల కొట్టం దగ్గరికి పోయేసరికి లిదియాకు ముందు తల్లి కనపడలేదు, తట్ట కనపడింది. వాకిలి నడిమధ్యన, నీడ లేని చోట, నిండా పచ్చి పేడతో ఉన్న తట్ట మనిషెత్తున నిలబడి ఉంది. దాని కింద సాలవ్వ. రెండు చేతులూ పైకెత్తి తట్టను పట్టుకొని ఉంది. పేడనీళ్లు కణతల మీదుగా కారి చెంపల మీద ఎండిపోయాయి.

"అవ్వా! దించు!"

"దించొద్దన్నడు" అంది సాలవ్వ పెదాలు కదపకుండా. కదిపితే తట్ట ఒరుగుతుందేమోనన్నట్టు.

"ఎవరు?"

సాలవ్వ కళ్లతో వసారా వైపు చూపింది. అక్కడ గుమాస్తా గంగారాం నులకమంచం మీద పడుకొని నిద్రపోతున్నాడు. మొహం మీద రుమాలు కప్పుకున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా రుమాలు లోపలికి పోతోంది, బయటికి వస్తోంది.

కొట్టంలో పనిచేస్తున్న హన్మవ్వ చీపురు ఆపకుండా గొంతు తగ్గించి చెప్పింది. "ఆలస్యమొచ్చిందని నిలబెట్టిండు. నేను చెప్పేదాంక దించకు అన్నడు. అన్నం తిన్నడు, పన్నడు. గిప్పటికి జాము దాటె."

లిదియా తట్ట అందుకోబోయింది. సాలవ్వ మోచెయ్యి బిగించింది. "వద్దు బిడ్డా. లేచి చూస్తే మళ్ల ఎల్లుండి సుత రమ్మంటడు."

అప్పుడు లిదియా చెయ్యగలిగింది ఒక్కటే. తన కొంగు విప్పి రెండు చేతులతో తల్లికి ఎండ పడే వైపు పట్టుకొని నిలబడింది. ఆ నీడ ఎంతో లేదు, ఒక చెంప మీద పడేంత. కుండలో అంబలి నేల మీదే ఉంది. చీమలు ఎక్కాయి. హన్మవ్వ అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి చీపురుతో వాటిని దులిపింది.

పొద్దు వాలుతుండగా గుమాస్తా లేచాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. చెంబెడు నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు. తరువాత వాకిట్లోకి చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అరె, ఇంక ఈడనే ఉన్నవా? పోరాదు?"

అతను కోపంగా అనలేదు. అదే లిదియా ఒంట్లో ఎక్కడో దిగబడింది. కోపం ఉంటే గుర్తుంచుకునేవాడు. అతను మరచిపోయాడు, అంతే. గొడుగు ఎక్కడో పెట్టి మరచిపోయినట్టు.

తట్ట దించాక సాలవ్వ చేతులు కిందికి రాలేదు. కాసేపు అలాగే పైకి ఉండిపోయాయి. లిదియా ఒక్కొక్క చేతినీ పట్టి వంచి కిందికి తేవలసి వచ్చింది.

*

తల్లిని ఇంట్లో పడుకోబెట్టి లిదియా జ్వరం మందు కోసం దవాఖానకు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ కాలేదు ఇంకా. మార్తమ్మ రోజూ మధ్యాహ్నం అరగంట కూర్చునే కుర్చీలోనే కూర్చొని ఉంది. ముందు బల్ల ఖాళీగా ఉంది. ఎర్ర సిరా బుడ్డి మూత తీసి ఉంది.

"ఈ రోజు రాయలేదా?" అంది.

లిదియా మొదట తను సరిగా వినలేదనుకుంది. విని నమ్మలేదు. "అయిపోయింది కదమ్మా. చోటు తారకు ఇచ్చిండ్రు కదా."

"అవును. కాని భాష... రోజూ రాయకపోతే పోతుంది." మార్తమ్మ సిరా బుడ్డిని కొంచెం జరిపింది. తరువాత ఇంకా మెల్లగా, "మీ అత్త ఏం చేసింది ఈ రోజు?" అని అడిగింది.

ఆ గొంతు విని లిదియాకు ఒక సంగతి అర్థమైంది. తోట తనది కాదు. పిల్లి బూడిద రంగుదని, బావి ఎడమ పక్కనని తెలిసిన మనిషిది. సముద్రం అవతల ఎక్కడో ఉన్న ఆ ఇంటికి ఈమె పదకొండేళ్లుగా పోలేదు. రోజూ మధ్యాహ్నం అరగంట, లిదియా వాక్యాలను పట్టుకొని పోయి వస్తోంది. అందుకే నిన్న నోరు తెరవలేదు.

జాలి వేసింది. జాలి వేసినందుకు ఒళ్లు మండింది. కోప్పడడానికి కూడా ఓపిక లేక బల్ల ముందున్న ముక్కాలి పీట మీద కూర్చుండిపోయింది. మిషన్‌లో చేరిన నాలుగేళ్లలో సిస్టర్ ఎదుట కూర్చోవడం అదే మొదలు.

"రాస్త అమ్మా. నాకు మాటలు లేవు. మీరు ఇస్తే రాస్త."

"అడుగు."

"పేడ."

మార్తమ్మ కనుబొమలు ముడిచి, మాట చెప్పింది. లిదియా రాసుకుంది.

"తట్ట."

చెప్పింది.

"మొయ్యడం. ఎండ. జ్వరం. చీమలు." ఒక్కొక్కటే అడిగింది. ఒక్కొక్కటే వచ్చింది. "దొర ఇంట్ల పని చేయించే గుమాస్తాను ఏమంటరు? అన్నం తిని పండుకున్నడు అనాలె. మరచిపోయిండు అనాలె."

మార్తమ్మ చెబుతూ పోయింది. చెప్పేకొద్దీ ఆమె పాదాలు గచ్చు మీంచి చెప్పుల్లోకి తిరిగి వెళ్లాయి. మొహం మీద ఎరుపు గొంతు దాకా దిగింది.

"మూడు నెలల్లో ఈ మాటలు ఒక్కటీ నన్ను ఎందుకు అడగలేదు?"

"మొదటి రోజు అడిగిన అమ్మా. గట్క గురించి."

బయట తీగ మీద గుడ్డలు గాలికి చప్పుడు చేశాయి.

"ఇంకొక్కటే" అంది లిదియా. "కూలి ఇయ్యకుంట, పోనంటే ఊకోకుంట చేయించే పని. వెట్టి. అది మీ దేశంల ఉండది కావచ్చు."

లిదియా పెన్సిలు పట్టుకొని కాచుకుంది.

"ఉంది" అంది మార్తమ్మ చివరికి. "కొర్వే. ఇప్పుడు లేదు, పాతకాలంలో. మా నాయనమ్మ చెప్పేది. వాళ్ల తాతముత్తాతలు దొర కోసం ఊరికే రోడ్లు వేసేవారట. రాళ్లు మోసేవారట." ఆ తరువాత ఏదో తన భాషలో తనకే చెప్పుకుంది. "ఆ మాట మన బొమ్మల పుస్తకంలో లేదు."

లిదియా అక్కడే కూర్చొని పేజీ నింపింది. పది కాదు, ముప్పై రెండు వాక్యాలు వచ్చాయి. చేతికి అడ్డం లేకుండా వచ్చాయి. మార్తమ్మ చదివింది. ఎర్ర సిరా బుడ్డికి మూత పెట్టింది. జ్వరం మందు పొట్లం కట్టి లిదియా చేతిలో పెడుతూ, "రేపు పొద్దున బస్సుకు కామారెడ్డి పోదాం" అంది. "మదర్ రైలు మూడింటికి."

*

"గడి సంగతి కాయితం మీద రాసినవా?" శనివారం పొద్దున సాలవ్వ పడకలోంచి సగం లేచింది. "బిడ్డా, ఎవలన్న చూస్తే?"

"చూడని అవ్వా."

"పట్వారి చూస్తే?"

"చూడని. పట్వారికి ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. ఇది రాదు. ఈ తాలూకాల దీన్ని చదివేది నేను, మార్తమ్మ."

సాలవ్వ ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మరి మూణ్నెల్ల సంది నీ అత్త టోపీ ఎందుకు రాసినవే?" అంది.

లిదియా నోటుబుక్కును గుడ్డలో చుట్టుకుంది. చంద్రవ్వ మాత్రం, "టోపీ సుత ఉండనియ్యి" అంది మూలనుంచి.

కామారెడ్డి స్టేషన్‌లో వేపచెట్టు కింద బెంచీ మీద మదర్ కూర్చొని ఉంది. పక్కన తన పెట్టె. ఇద్దరూ రావడం చూసి లేవలేదు. మార్తమ్మ నోటుబుక్కు చివరి పేజీ తీసి ఇచ్చింది. మదర్ చదివింది. మళ్లీ చదివింది. గూడ్సుబండి ఒకటి వచ్చి, నిలబడి, పోయింది.

"ఇది నిజమా?"

"నిజం, మదర్" అంది లిదియా ఫ్రెంచిలో.

"అయితే ముందున్న తొంభై పేజీలు?"

"అబద్ధం."

మదర్ నోటుబుక్కు మూసింది. లిదియాకు ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగలలేదు కాబట్టి భయం కూడా అలిసిపోయింది. మాటలు కూడదీసుకుని చెప్పింది. "నాకు ఆ మాటలే నేర్పారు, మదర్. నా ఇంటి మాటలు నిన్న నేర్పారు. నిన్న రాశాను."

"నేర్పింది నేను" అంది మార్తమ్మ.

మదర్ తల తిప్పింది.

"ఆ ఇంటికి నేను రెండుసార్లు పోయాను. మీరు చదువుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకు తెలుసు. చెప్పలేదు. ఆ తోట మా అమ్మ వాళ్లది, మదర్. నేనే దిద్ది దిద్ది అలా చేశాను. అబద్ధమాడే చేతికి మందు సీసా ఇవ్వకూడదన్నారు మీరు. పదకొండేళ్లుగా నా చేతిలోనే ఉంది."

మదర్ పట్టాల వైపు చూసింది. ఎండలో పట్టాలు నీళ్లలా మెరుస్తున్నాయి. ఆమెకు కోపం వచ్చిందో, నీరసం వచ్చిందో చెప్పడం కష్టం. ఆ వయసులో రెండూ ఒకేలా ఉంటాయి.

"తారకు మాట ఇచ్చాను" అంది. "వెనక్కి తీసుకోను. ఆ పిల్లకు కూడా ఏమీ లేదు."

"తీసుకోవద్దు" అంది లిదియా. మనస్ఫూర్తిగానే అంది. అన్నాక ఏడుపు వచ్చింది, మింగింది.

"వచ్చే ఏడు జూన్‌లో ఇంకొక చోటుంది. అది నీది. ఎంపిక ఉండదు." మదర్ నోటుబుక్కు తిరిగి ఇచ్చింది. "అప్పటిదాకా రోజూ రాయాలి. ఉన్నది ఉన్నట్టు. నెలకోసారి నాకు పంపాలి. దిద్దకుండా పంపాలి" అని మార్తమ్మ వైపు చూసింది.

వచ్చే ఏడు జూన్ అంటే ఇంకా పద్నాలుగు నెలలు. పదిహేను రోజులకొక వంతు. లిదియా మనసు దానంతట అదే లెక్క కట్టింది. ఇరవై ఎనిమిది సార్లు అవ్వ, లేకపోతే తను. రైలు వచ్చింది. మదర్ ఎక్కింది. చెయ్యి ఊపలేదు. కిటికీ దగ్గర కూర్చున్నాక మాత్రం, రైలు కదిలేదాకా లిదియా వైపే చూస్తూ ఉంది.

*

తిరుగు బస్సులో జనం ఒత్తిడి. మార్తమ్మ వెనక బల్ల మీద లిదియా పక్కనే ఇరుక్కొని కూర్చుంది. ముందుకు రమ్మని డ్రైవరు పిలిచినా పోలేదు. బస్సు బయలుదేరబోతుండగా ఒకాయన ఉప్పు మూటతో, గొడుగుతో ఎగబడి ఎక్కాడు. గుమాస్తా గంగారాం. ముందు చోటు లేక, విసుక్కుంటూ వెనకదాకా వచ్చి, మార్తమ్మను చూసి మొహమంతా విప్పుకున్నాడు.

"దండం మార్తమ్మా! మీరా! మొన్న మా ఇంటామెకు కాన్పు కష్టమైతే మీ చేతులల్లనే బతికింది. తల్లీ పిల్లా ఇద్దరు మంచిగున్నరు." ఎదుటి బల్ల మీదివాళ్లను జరిపి కూర్చున్నాడు. లిదియా ఒళ్లో నోటుబుక్కు చూశాడు. లిదియాను గుర్తుపట్టలేదు. నిన్న ఆమె మొహం చూసే అవసరం అతనికి పడలేదు.

"అదేం పుస్తకమే పిల్లా? మీ పార్థన పుస్తకమా?"

లిదియా నోటుబుక్కును దగ్గరగా లాక్కుంది.

"రోజూ రాసుకునేది అయ్యా" అంది.

"ఈమె భాషనా? నీకు చదువొస్తదా?" గంగారాం మోకాలు నొక్కుకున్నాడు. "నెల సంది ఈ మోకాలు నన్ను చంపుతున్నది. మార్తమ్మ మాటల మహిమున్నది, నేను కండ్లార చూసిన. జెర చదువే. పున్నెముంటది."

బస్సులో ఆడవాళ్లు కొందరు ఇటు తిరిగారు. లిదియా నోటుబుక్కు తెరిచింది. తోట పేజీ ఒకటి చదివెయ్యొచ్చు. వేలు పేజీల మీద నుంచి జారుకుంటూ పోయి పోయి చివరి పేజీ దగ్గర ఆగింది.

చదివింది. ఫ్రెంచిలో, ఉన్నది ఉన్నట్టు. మా అమ్మకు జ్వరం. మా అమ్మ పేడతట్ట నెత్తిన పెట్టుకొని ఎండలో నిలబడింది. గుమాస్తా అన్నం తిన్నాడు. గుమాస్తా పడుకున్నాడు. అతనికి కోపం లేదు, అతను మరచిపోయాడు. గంగారాం అన్న పేరు వచ్చిన చోట ఆమె ఒక దగ్గు దగ్గి దాటేసింది.

గంగారాం చెప్పులు విప్పాడు. కళ్లు మూసుకొని రెండు చేతులూ జోడించాడు. అతన్ని చూసి ఉప్పుమూట పక్కనున్న ముసలావిడ కూడా కొంగు తల మీదికి లాక్కొని దండం పెట్టింది. అంబలి, చీమలు, చెంపల మీద ఎండిన పేడనీళ్లు, వంగని చేతులు, అన్నిటికీ గంగారాం తల ఊపుతూ వచ్చాడు. వాక్యం ఆగిన చోటల్లా "ఆ... ఆ..." అన్నాడు.

చదవడం అయ్యాక కళ్లు తెరిచాడు. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. "ఎంత సల్లగున్నది తల్లీ" అని మార్తమ్మ వైపు తిరిగాడు. "ఏమున్నది అమ్మా అండ్ల? ఏం చెప్పిండ్రు?"

మార్తమ్మ అతని జోడించిన చేతుల వైపు చూసింది. లిదియా వైపు చూసింది. తరువాత, తెలుగులోనే, బస్సు అంతటికీ వినపడేలా అంది.

"నిజం. ప్రతి మాట నిజం."

"కాకుంటెట్ల తల్లీ!" గంగారాం మళ్లీ దండం పెట్టాడు. మోకాలు చాపి చూసుకున్నాడు. కొంచెం నయంగా ఉన్నట్టే తోచింది కాబోలు, లిదియా వైపు ఒంగి ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇంకొకసారి చదువు బిడ్డా. మా ఊరొచ్చేదాంక చదువు."

లిదియా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి దగ్గు రాలేదు.